ఎన్ని క్రిములకు జబ్బు? ఎన్ని ఎంజీలకు మందు?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లి ఐదుగురం ఒకే భోజనం తిన్నాం, ఒకే డ్రమ్ములో నీళ్లు తాగాం. మర్నాడు మా అమ్మకీ, నాలుగేళ్ల పాపకీ మాత్రమే వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మకి గ్యాస్ మాత్ర తప్ప రోజూ వేరే మందులేవీ లేవు. ఊళ్లో ఆర్ఎంపీ అమ్మకి ఒక సెలైన్ బాటిల్ ఎక్కించి, పాపకి పెద్దవాళ్ల మాత్ర సగం విరిచి ఇచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. మందుకి ఇన్ని ఎంజీ అని లెక్క ఉన్నట్టు, జబ్బు రావడానికి కూడా ఇన్ని క్రిములని లెక్క ఉంటుందా? పిల్లలకి సగం మాత్ర సరిపోతుందా?

జవాబు:

మిగతా ముగ్గురికి ఏమీ కాలేదంటే వాళ్ల కడుపులోకి క్రిములు వెళ్లలేదని అనుకోకండి. బహుశా ఐదుగురూ మింగే ఉంటారు. నేను రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. మీరడిగిన ప్రశ్న కౌంటర్ దగ్గర చాలామంది అడిగేవారు, కాకపోతే వేరే మాటల్లో: "అందరం అదే తిన్నాం, నాకే ఎందుకు?" అని.

లెక్క ఉంది. అయితే అది ఒక్కో క్రిమికి ఒక్కోలా ఉంటుంది, ఒక్కో మనిషికీ మారుతుంది. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా పదుల సంఖ్యలో లోపలికి వెళ్లినా చాలు. కడుక్కోని చేతి గోళ్ల సందులో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకే అది నీళ్ల దాకా పోనక్కర్లేకుండా చేతుల మీదుగానే ఇల్లంతా తిరుగుతుంది. హెపటైటిస్ ఎ, నోరోవైరస్ కూడా ఇలా కొద్దిపాటి సంఖ్యతోనే పని కానిచ్చే రకాలు. టైఫాయిడ్‌కి ఎక్కువ కావాలి. కలరాకి ఇంకా చాలా ఎక్కువ కావాలి.

ఈ అంకెలు ఎలా తెలిశాయో కూడా చెప్పాలి, ఎందుకంటే అందులోనే మీ ప్రశ్నకి సగం జవాబుంది. అమెరికాలోని మేరీల్యాండ్‌లో 1960ల ప్రాంతంలో ఖైదీలకి లెక్కపెట్టిన టైఫాయిడ్ క్రిములని పాలలో కలిపి తాగించారు. వాళ్లు ఒప్పుకునే తాగారని రాసుకున్నారు. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలు ఎంత స్వేచ్ఛగా ఉంటుందో మీరే ఆలోచించండి. వెయ్యి క్రిములు తాగినవాళ్లలో ఎవరికీ జ్వరం రాలేదు. లక్ష తాగినవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా వచ్చింది. కోటి తాగితే సగం మందికి, 100 కోట్లు తాగితే దాదాపు అందరికీ వచ్చింది. 'దాదాపు' అన్నాను చూడండి: 100 కోట్ల టైఫాయిడ్ క్రిములు మింగి కూడా ఒకరిద్దరు మామూలుగానే ఉన్నారు.

అందుకే 'ఇన్ని క్రిములు దాటితే జబ్బు' అని ఒక గీత గీయరు. సగం మందికి జబ్బు తెచ్చే సంఖ్య ఎంత అని మాత్రమే లెక్క వేస్తారు, దాన్ని ఐడీ 50 అంటారు. మందుల విషయంలోనూ ఇదే పద్ధతి. ఎంత ఇస్తే సగం జంతువులు చనిపోతాయో దాన్ని ఎల్‌డీ 50 అంటారు. 1927లో ట్రెవాన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ కొలత పెట్టాడు. మన వైపు కొండపోడులో చోళ్లు (రాగులు) చల్లినట్టే అనుకోండి. గుప్పెడు గింజలు పడితే కొన్ని ఎండకి పోతాయి, కొన్ని పిట్టలు తింటాయి. ఏ ఒక్క గింజకైనా మొలిచే అవకాశం ఉంది, ఏ గింజకీ గ్యారంటీ లేదు. గింజలు పెరిగినకొద్దీ ఏదో ఒకటి నిలదొక్కుకునే అవకాశం పెరుగుతుంది. జబ్బు మొదలవడానికి ఒక్క క్రిమి నిలదొక్కుకున్నా చాలు, ఆ తర్వాత పెరుగుదల దానిదే.

ఇప్పుడు మీ అమ్మగారి గ్యాస్ మాత్ర దగ్గరికి వస్తాను. మీరు దాన్ని మాటవరసకి రాసినట్టున్నారు కానీ మొత్తం ప్రశ్నలో నా కళ్లు అక్కడే ఆగాయి.

మన కడుపులో ఊరే యాసిడ్ అన్నం అరగడానికి మాత్రమే కాదు. నోట్లోంచి దిగే క్రిములకి అది మొదటి గేటు. కలరా క్రిమికి యాసిడ్ అంటే పడదు. వాలంటీర్ల మీద చేసిన పరీక్షల్లో ఉత్తి నీళ్లతో కలరా క్రిములు ఇస్తే, నమ్మకంగా విరేచనాలు రావడానికి 10,000 కోట్ల దాకా కావలసి వచ్చింది. అదే ముందు సోడా బైకార్బొనేట్ తాగించి యాసిడ్ విరిచేసి ఇస్తే 10 లక్షలు సరిపోయాయి. అంటే లక్ష రెట్లు తేడా. క్రిమి అదే, మారింది గేటు ఒక్కటే. అన్నంతో కలిపి ఇచ్చినా దాదాపు ఇదే జరుగుతుంది, ఎందుకంటే తిండి కూడా యాసిడ్‌ని కొంతసేపు విరుస్తుంది. టైఫాయిడ్‌లోనూ ఇదే కనిపించింది. ఈమధ్య ఆక్స్‌ఫర్డ్‌లో సోడా బైకార్బొనేట్‌తో ఇచ్చినప్పుడు కొన్ని వేల క్రిములకే సగానికి పైగా మందికి జబ్బు వచ్చింది. మేరీల్యాండ్‌లో పాలతో ఇచ్చిన వెయ్యికి ఎవరికీ రాలేదని పైన చెప్పాను కదా.

రోజూ పాంటోప్రజోల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్ల కడుపులో యాసిడ్ బాగా తగ్గిపోయి ఉంటుంది. ఇలాంటివాళ్లకి తిండి, నీళ్ల ద్వారా వచ్చే జబ్బులు ఎక్కువగా వస్తాయని చాలా అధ్యయనాల్లో తేలింది. మన దగ్గర ఈ మాత్ర పరిస్థితి ఎలా ఉందంటే, నడుం నొప్పికి చీటీ రాసినా పక్కన ఒక గ్యాస్ మాత్ర ఉంటుంది, జ్వరానికి రాసినా ఉంటుంది. అవసరమైనవాళ్లకి అది మంచి మందే. అల్సర్ ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలు రోజూ మింగక తప్పనివాళ్లు మానకూడదు. కానీ ఎప్పుడో పదిహేను రోజులకని రాసింది ఏళ్ల తరబడి నడుస్తోందంటే ఇంకా కావాలా అని డాక్టరుని అడగాల్సిందే. మీ అమ్మగారిది ఏ రకమో నాకు తెలియదు కాబట్టి మీరుగా ఆపేయకండి.

పాప సంగతి వేరు. చిన్నపిల్లలకి ఇదివరకు ఆ క్రిమి పరిచయం ఉండదు. మీ ముగ్గురికి చిన్నప్పుడెప్పుడో వచ్చి పోయి ఉండొచ్చు, ఆ పాత పరిచయమే ఇప్పుడు కాపాడి ఉండొచ్చు. డ్రమ్ములో అడుగు నీళ్లు తాగారా పైనీళ్లు తాగారా, ఎంత తాగారు, ఎవరి చేత్తో తిన్నారు అన్నవి కూడా కలుస్తాయి. కలరా అయితే ఇంకో చిత్రం ఉంది: 'ఓ' (O) బ్లడ్ గ్రూపు వాళ్లకి అది తీవ్రంగా వచ్చే అవకాశం ఎక్కువ. మీ ఇంట్లోది కలరా అని నేననడం లేదు. దొడ్డి పరీక్ష చేయిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ఒక పెద్దాయన కథ చెప్పాలి. 1892లో జర్మనీలోని మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే ప్రొఫెసర్ కలరాకి క్రిమి ఒక్కటే కారణం కాదని వాదిస్తూ, అందరి ముందూ కలరా క్రిములున్న ద్రవం తాగేశాడు. అప్పటికి ఆయనకి 73 ఏళ్లు. పైగా యాసిడ్ అడ్డొచ్చిందని ఎవరూ అనకుండా సోడా బైకార్బొనేట్ కూడా కలుపుకున్నాడు. కొద్దిగా విరేచనాలయ్యాయి, అంతే. తన వాదనే గెలిచిందనుకున్నాడు. మన ఊళ్లలో "మా మామయ్య అరవై ఏళ్లుగా వంశధార నీళ్లే తాగుతున్నాడు, ఏమైంది?" అనేవాళ్లది కూడా ఇదే వాదన. ఒక్కడికి ఏమీ కాకపోవడం ఆ నీళ్ల గురించి ఏమీ చెప్పదు.

కలరాకి కోట్లు కావాలంటే భయం లేదనిపిస్తుంది కదా. లెక్క వేసి చూడండి. కలరా రోగి విరేచనం ఒక్క ఎంఎల్‌లో 10 కోట్ల దాకా క్రిములుంటాయి. ఆ ఒక్క ఎంఎల్ వంద లీటర్ల చెలమలో కలిసిందనుకుందాం. ఎంఎల్‌కి వెయ్యి, ఒక గ్లాసు నీళ్లలో రెండు లక్షలు. రోగి నుంచి అప్పుడే బయటపడ్డ క్రిములు ల్యాబ్‌లో పెంచినవాటికంటే కొన్ని గంటలపాటు ఎక్కువ చురుగ్గా ఉంటాయని కూడా తెలిసింది. ఒక ఎంఎల్ అంటే రోగి గుడ్డ ఉతికితే కారే నీళ్లకంటే కూడా చాలా తక్కువ. 2007 వానాకాలంలో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో, మళ్లీ 2022 జూలైలో కాశీపూర్ బ్లాకులో కలరా ఎందుకంత చప్పున పాకిందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. కొండవాలు మీద వాన పడితే దొడ్డికి వెళ్లిన చోటుకీ చెలమకీ మధ్య ఎడం ఉండదు.

తిండి ఇంకో సంగతి. నీళ్లలో క్రిములు సాధారణంగా పలచబడతాయి, వండిన అన్నంలో పెరుగుతాయి. పొద్దున్న వండి, మధ్యాహ్నం వడ్డించి, మిగిలింది రాత్రికి మళ్లీ వడ్డించే పెళ్లి భోజనాల్లో పొద్దున పడిన కొద్దిపాటి క్రిములు రాత్రికి కోట్లవుతాయి. పులుపు మాత్రం వాటిని అడ్డుకుంటుంది. ఆఫ్రికాలోని గినియాలో కలరా వచ్చినప్పుడు పరీక్షించి చూస్తే, వేరుశనగ పులుసులో క్రిమి బాగా పెరిగింది, పుల్లటి టమాటా పులుసులో పెరగలేదు. బాగా పులిసిన చోడి అంబలి మన పెద్దవాళ్లు ఊరికే తాగలేదు. కానీ పులిసిన అంబలిలో తాగేముందు చెలమ నీళ్లు కలిపితే ఆ లాభం పోయినట్టే. ఒడియావాళ్లు నీళ్లలో నానబెట్టి తినే అన్నం, పఖాళకీ ఇదే వర్తిస్తుంది.

ఇక మందు మోతాదు. క్రిమికీ మందుకీ అసలు తేడా ఇది: లోపలికి వెళ్లిన క్రిమి పెరుగుతుంది, లోపలికి వెళ్లిన మందు తరుగుతుంది. అనుకూలమైన చోట కొన్ని క్రిములు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. పేరాసిటమాల్ రక్తంలో రెండు మూడు గంటలకోసారి సగమవుతుంది. అందుకే మందు చీటీ మీద ఎంత అన్నది ఒక్కటే ఉండదు, ఎన్ని గంటలకోసారి, ఎన్ని రోజులు అన్నవి కూడా ఉంటాయి. మన జనం మొదటిది మాత్రమే చదువుతారు. "పొద్దున రెండు వేసేసుకున్నాను, రాత్రిది కూడా కలిపి" అని చెప్పినవాళ్లని చూశాను.

పిల్లలకి సగం మాత్ర అన్న లెక్క పేరాసిటమాల్‌తోనే చూద్దాం. ఒక డోసు కిలో బరువుకి 15 ఎంజీ వరకు. 500 ఎంజీ మాత్రలో సగం 250. పాప 16 కిలోలుంటే 240 కావాలి కాబట్టి సరిగ్గా కుదిరింది. అదే మాత్ర సగం ఎనిమిది కిలోల చంటిబిడ్డకి ఇస్తే రెట్టింపు డోసు. వయసు కాదు, బరువు చూడాలి. నాలుగేళ్ల పిల్లలు మన కొండ ఊళ్లలో 11 కిలోలుంటారు, టౌన్లో 18 కూడా ఉంటారు. రోజుకి నాలుగు డోసులు దాటకూడదు, డోసుకీ డోసుకీ మధ్య కనీసం నాలుగు నుంచి ఆరు గంటలు ఉండాలి. జలుబు సిరప్‌లో కూడా పేరాసిటమాల్ ఉంటుందని చాలామందికి తెలియదు. రెండూ కలిపి పోస్తారు, లివర్ మీద పడుతుంది.

సిరప్‌లు ఇంకా తిరకాసు. ఒకే మందు 5 ఎంఎల్‌కి 125 ఎంజీ, 5 ఎంఎల్‌కి 250 ఎంజీ అని రెండు బలాల్లో వస్తుంది. చుక్కల మందైతే ఒక్క ఎంఎల్‌లోనే 100 ఎంజీ. చుక్కల సీసా తెచ్చుకుని 'ఒక చెంచా' పోస్తే 500 ఎంజీ, పెద్దవాళ్ల మాత్ర మొత్తం! పోయేది నెలల బిడ్డకి. వంటింటి చెంచాలు దేని కొలత దానిదే. సీసాతో వచ్చిన కొలగిన్నె గానీ, సూది తీసిన సిరంజి గానీ వాడండి. గిన్నె పోతే మందుల షాపులో అడగండి.

విరవకూడని మాత్రలూ ఉన్నాయి. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్ అని ఉంటే అది నెమ్మదిగా కరగడానికి చేసిన మాత్ర. విరిస్తే మొత్తం మందు ఒకేసారి దిగుతుంది. యాంటిబయాటిక్ మాత్ర ఐతే అసలు పాపకి అది అవసరమేనా అన్నది ముందు ప్రశ్న. పిల్లల నీళ్ల విరేచనాల్లో ఎక్కువ వాటికి అక్కర్లేదు. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్ర పిల్లలకి ఇవ్వనే కూడదు.

బరువుతో పని లేని మందులు కూడా ఉన్నాయి, అవి ఎందుకలా ఉన్నాయో తెలిస్తే మోతాదు అంటే ఏమిటో బాగా పట్టుబడుతుంది. బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ రెండేళ్లు దాటిన పిల్లకీ 400 ఎంజీ, మీకూ 400 ఎంజీ. ఎందుకంటే అది రక్తంలోకి చాలా తక్కువగా ఎక్కుతుంది, పని చేయాల్సింది పేగులో. పాముకాటు ఇంజెక్షన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. పదేళ్ల పిల్లాడికీ తండ్రికీ ఒకే మోతాదు. పాము పిల్లాడని తక్కువ విషం వదలదు కదా. రక్తపింజరి ఒక్క కాటులో సగటున 63 ఎంజీ విషం వదులుతుందని లెక్క. మన దేశంలో తయారయ్యే విషం విరుగుడు ఒక వయల్ (చిన్న మందు సీసా) 6 ఎంజీ రక్తపింజరి విషాన్ని విరుస్తుంది. అందుకే మొదటగా పది వయల్స్ దాకా ఎక్కిస్తారు. ఒంటిని బట్టి కాదు, విషాన్ని బట్టి.

సెలైన్ బాటిల్ గురించి కోపంగానే రాస్తున్నాను. ఒక బాటిల్ అంటే 500 ఎంఎల్. నీళ్లన్నీ పోయి కళ్లు లోపలికి పోయి, నాడి అందని స్థితిలో ఉన్న 50 కిలోల మనిషికి కావలసింది కిలోకి 100 ఎంఎల్ చొప్పున ఐదు లీటర్లు. అందులో లీటరున్నర మొదటి అరగంటలో, మిగతాది రెండున్నర గంటల్లో ఎక్కాలి. అంటే పది బాటిళ్లు, అదీ వీలైతే రింగర్ లాక్టేట్ అనే రకం ద్రవం. ఆ స్థితిలో ఉన్నవాళ్లకి మంచం పక్కన మేకుకి వేలాడదీసిన ఒక్క బాటిల్, అందులో పసుపుపచ్చగా బీకాంప్లెక్స్ కలిపినా, ఎందుకూ చాలదు. మీ అమ్మగారు లేచి కూర్చుని తాగగలిగే స్థితిలో ఉండి ఉంటే ఆ బాటిల్ అవసరమే లేదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ అదే పని చేస్తుంది, సూది గుచ్చక్కర్లేదు.

ఓఆర్ఎస్‌కీ మోతాదుంది. పెద్ద ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకి, చిన్న ప్యాకెట్ 200 ఎంఎల్‌కి. ప్యాకెట్ వెనక రాసే ఉంటుంది. పెద్ద ప్యాకెట్‌ని ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై పిల్లలకి ప్రమాదం. మీ పాపకి ప్రతి విరేచనం తర్వాత 100 నుంచి 200 ఎంఎల్, గుక్కెడు గుక్కెడుగా ఇవ్వాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో మొదలుపెట్టాలి. దాంతో జింకు మాత్ర రోజుకి 20 ఎంజీ, 14 రోజులు. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయాలి. ఇవి ఆశా దీదీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. రంగు రంగు డబ్బాల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పింది.

ఎన్ని రోజులు అన్నదానికి మనకి బాగా తెలిసిన ఉదాహరణ మలేరియా. దోమ కుట్టినప్పుడు లోపలికి వెళ్లే మలేరియా క్రిములు పదుల్లోనే. జ్వరం మొదలయ్యేసరికి రక్తంలో అవి 10 కోట్ల దాకా ఉంటాయి, ముదిరితే లక్ష కోట్లు. ఆర్టెసునేట్ మందు వాటిని ప్రతి 48 గంటల చక్రంలో పది వేల వంతుకి తగ్గిస్తుంది. మొదటి రోజు మాత్రతోనే జ్వరం దిగుతుంది. అక్కడ మానేస్తే లోపల వేలల్లోనో లక్షల్లోనో మిగిలినవి మళ్లీ మొదలుపెడతాయి. మూడు రోజులు వేస్తే రెండు చక్రాలు తగులుతాయి, మిగిలిన కొద్దిపాటినీ కలిపి ఇచ్చిన రెండో మందు చూసుకుంటుంది. మూడు రోజులనడానికి కారణం అదే. ఈ మాత్రల పట్టీలకి వయసుని బట్టి రంగులు పెట్టారు: ఏడాది లోపు గులాబీ, 1–4 పసుపు, 5–8 ఆకుపచ్చ, 9–14 ఎరుపు, ఆపైన తెలుపు. ఇంట్లో మిగిలిన తెల్ల పట్టీలోంచి విరిచి పిల్లలకి ఇవ్వకండి. మలేరియాలోనే వైవాక్స్ అనే రకానికి మందు వేరు, లివర్లో దాక్కున్నవాటి కోసం ప్రైమాక్విన్ 14 రోజులు వేయాలి. రక్తపరీక్ష చేయించకుండా అది మొదలుపెట్టకూడదు.

పెళ్లింటివాళ్లది సొంత బావి అయితే బ్లీచింగ్ పౌడరు లెక్క కూడా వాళ్లకి చెప్పండి: 1000 లీటర్లకి సుమారు రెండున్నర గ్రాములు, కలిపాక కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. బురద నీళ్లైతే ఈ మోతాదు చాలదు, ముందు తేర్చాలి. మూత తీసి నెలలు గడిచిన పౌడరులో బలం ఉండదు.

మీరు చెప్పాల్సింది ఒకటి మిగిలింది బాబూ. ఆర్ఎంపీ ఇచ్చిన ఆ సగం మాత్ర ఏది? పట్టీ మీద పేరు, ఎంజీ, పాప బరువు రాస్తే అది ఎక్కువైందో తక్కువైందో చెప్పగలను. పాప మళ్లీ నీరసంగా పడుకుని ఉంటున్నా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా నా జవాబు కోసం చూడకుండా గుణుపురం ఆసుపత్రికి తీసుకెళ్లండి.